గోడ దూకిన ఒక్క ఓటు

అమెరికాలో ఎలక్టోరల్ ఓటు అందుకున్న మొదటి మహిళ ఎవరంటే చాలామందికి నోటికొచ్చే పేరు జెరాల్డిన్ ఫెరారో. 1984లో డెమొక్రాటిక్ పార్టీ ఆమెను ఉపాధ్యక్ష పదవికి నిలబెట్టింది కనుక అలా అనుకోవడం సహజమే. కానీ అంతకు 12 ఏళ్ల ముందే, 1972లో, అలాంటి ఓటు ఒకటి టోనీ నేథన్‌కు పడింది. ఒరెగాన్ రాష్ట్రంలోని యూజీన్‌కు చెందిన ఆమె లిబర్టేరియన్ పార్టీ ఉపాధ్యక్ష అభ్యర్థి. పోలింగ్ నాటికి ఆ పార్టీ పుట్టి ఏడాది కూడా కాలేదు. అధ్యక్ష పదవికి నిలబడింది జాన్ హాస్పర్స్ అనే తత్వశాస్త్ర ఆచార్యుడు. కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల్లో తప్ప ఎక్కడా బ్యాలెట్‌లో వాళ్ల పేర్లే లేవు. దేశం మొత్తం మీద వచ్చిన ఓట్లు నాలుగు వేల లోపే. మన వైపు పెద్ద పంచాయతీలో సర్పంచికి కూడా అన్ని పడతాయి.

మరి ఆ ఎలక్టోరల్ ఓటు ఎక్కడిది? మన దగ్గర మనం ఓటు వేసేది ఎమ్మెల్యేకి. ముఖ్యమంత్రిని ఎన్నుకునేది ఆ ఎమ్మెల్యేలు. అమెరికాలో కూడా జనం ఓట్లతో గెలిచేది ఎలక్టర్లు, అధ్యక్షుణ్నీ ఉపాధ్యక్షుణ్నీ ఎన్నుకునేది వాళ్లు. ఆ ఏడాది రిపబ్లికన్ అభ్యర్థి నిక్సన్ 49 రాష్ట్రాలు గెలిచారు. వర్జీనియాలో ఆయన తరఫున గెలిచిన 12 మంది ఎలక్టర్లలో రోజర్ మెక్‌బ్రైడ్ ఒకరు. డిసెంబరులో ఆయన సొంత పార్టీని వదిలేసి హాస్పర్స్‌కూ నేథన్‌కూ ఓటేశారు. 538లో నిక్సన్‌కు 520 వచ్చాయి, అంటే ఫలితం వెంట్రుకవాసి కూడా మారలేదు. నాలుగేళ్లకు లిబర్టేరియన్ అధ్యక్ష అభ్యర్థి అయింది ఈ మెక్‌బ్రైడే!

ఇది గోడ దూకడమే కదా, దీనికి చరిత్రలో చోటెందుకు అని అడగవచ్చు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో మన రాయలసీమ నాయకుడు నీలం సంజీవరెడ్డి మీద వి.వి. గిరి గెలిచింది కూడా కాంగ్రెస్ వాళ్లు అంతరాత్మ ప్రబోధం పేరిట సొంత పార్టీ అభ్యర్థిని కాదన్నందువల్లనే. అయితే ఆ ఎంపీలు, ఎమ్మెల్యేలు తమ పేరు మీద జనం ముందుకెళ్లి గెలిచినవాళ్లు. మెక్‌బ్రైడ్‌కు ఆపాటి హక్కు కూడా లేదు. వర్జీనియా ఓటర్లు పంపింది నిక్సన్ కోసం. కనుక ఆ ఓటు నమ్మకద్రోహమే అంటాను. చట్టం దృష్టిలో మాత్రం ఫెరారోకు పడిన 13 ఓట్లు ఎంత చెల్లుతాయో ఇదీ అంతే చెల్లుతుంది. నేథన్ పేరు పక్కన ‘మొదటి మహిళ’ అని రాయాల్సిందే, ఆ ఓటు ఎలా వచ్చిందో కూడా రాయాల్సిందే.

అలా రాస్తేనే ఈ పద్ధతి లెక్క బయటపడుతుంది. 1992లో స్వతంత్రుడిగా నిలబడ్డ రాస్ పెరోకు దాదాపు 19 శాతం, అంటే కోటీ 97 లక్షల ఓట్లు వచ్చాయి. వియత్నాంలో ఏళ్ల తరబడి యుద్ధఖైదీగా ఉన్న అడ్మిరల్ జేమ్స్ స్టాక్‌డేల్ ఆయన ఉపాధ్యక్ష అభ్యర్థి. ఒక్క రాష్ట్రంలోనూ మొదటి స్థానం రాకపోవడంతో ఎలక్టోరల్ ఓట్లు సున్నా. మూడో పార్టీలు దేశాన్ని చీల్చకుండా ఈ పద్ధతే కాపాడుతోందనే వాదన ఉంది. కానీ 1968లో మూడో పార్టీ అభ్యర్థి జార్జి వాలెస్ పెరో కంటే తక్కువ శాతంతోనే దక్షిణాది రాష్ట్రాలు ఐదు గెలిచి 46 ఎలక్టోరల్ ఓట్లు తెచ్చుకున్నారు, అదీ జాతి వేర్పాటును సమర్థిస్తూ. ఈ పద్ధతి ఆపేది చీలికను కాదు, దేశమంతా పరుచుకున్న మద్దతును. 2020లో అమెరికా సుప్రీంకోర్టు ఎలక్టర్లను వాళ్లిచ్చిన మాటకు రాష్ట్రాలు కట్టిపడేయవచ్చని తీర్పు చెప్పింది. అది సబబే. పెరోకు ఓటేసిన కోటీ 97 లక్షల మందికి మాత్రం అందులో ఒరిగిందేమీ లేదు.