సాహిర్ అంటే ఎవరు?

ఖుర్‌ఆన్‌ను తెలుగు చేసిన తొలితరం పండితులు చిలుకూరి నారాయణరావుగారు అనంతపురం కళాశాల అధ్యాపకులు. ఆ పనికి పూనుకున్న ప్రతివారికీ ‘సాహిర్’ చిక్కుమాటే. మాంత్రికుడని రాసి ఊరుకోవటం పరిపాటి.

బఖరా సూరాలో (2:102) ‘సిహ్ర్’ భార్యాభర్తలను విడదీసే విద్య, అంటే చేతబడి. నల్లమాడ మొదలుకొని ఏ తెలుగు పల్లెలోనైనా ఆ నింద పడినవానికి ప్రాణగండమే. గారడీవానికైతే చిల్లర వేస్తారు!

తాహా సూరాలో (20:66) ఫిరౌన్ రప్పించినవారి త్రాళ్లు, కర్రలు హజ్రత్ మూసా (అలైహిస్సలాం)కు ప్రాకుతున్నట్లు తోచాయి, అంతే. అక్కడ గారడీవారనటమే ఉచితం. పాము విషానికి విరుగుడైన ‘గారుడం’ నుండి వచ్చిన మాట కదా.

జుఖ్రుఫ్‌లో (43:49) ఆపదలో పడిన ఫిరౌన్ జనం మూసానే ‘ఓ సాహిర్’ అని పిలిచి దుఆ కోరారు. అది విద్వాంసునికి చేసిన గౌరవ సంబోధన అన్న ముఫస్సిర్లున్నారు. ఆ ఒక్కచోట నేను అరబీ మాటనే ఉంచుతాను.