ఓరుగల్లు వంటింట రాతిగట్టు: మట్టిపొయ్యి నుంచి గ్రానైటు పలక వరకు

వరంగల్లులో వంటగట్టుకు వేసే నున్నని నల్లరాయిని కాకతీయ శిల్పవారసత్వంతో ముడిపెట్టడం పరిపాటి. ఊరి పేరే ఓరుగల్లు, ఏకశిలానగరం కావడంతో ఆ మాట సులువుగా అతుకుతుంది. 1163 నాటి వేయిస్తంభాల గుడినీ, 1213లో నిర్మాణం మొదలైన పాలంపేట రామప్ప గుడినీ చూసినవారికి అది సహజంగానే తోస్తుంది. కాని ఆ నునుపు దేవాలయానిది. వంటింట్లో రాయి రోలుగా, సన్నెకల్లుగా, తిరగలిగా ఉండేది. అరిగితే కక్కు కొట్టించి మళ్లీ వాడుకొనేవారు. వంట మాత్రం నేలమీది మట్టిపొయ్యి పైననే సాగింది.

ఆ పొయ్యిని కట్టినది గృహిణి. ఈ సంగతికి మన కట్టడాల చరిత్రలో తగిన చోటు దక్కలేదు. మన్ను పిసికి, గడ్డలు నిలిపి, పేడతో అలికి, గాలివాలు కుదరకపోతే విరగ్గొట్టి మరో మూలన వేసుకొనేది. పొయ్యి ఎత్తు, వెడల్పు, దిక్కు ఆమె చేతిలోనివే.

నిలబడి వండే పద్ధతిని విస్తరింపజేసినది రాయి కాదు, గ్యాసు. పొయ్యి సిలిండరు కంటే ఎత్తున ఉండాలన్న జాగ్రత్త గట్టును అవసరం చేసింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన దీపం పథకం, 2016 నాటి ఉజ్జ్వల యోజన గ్యాసును పేద ఇళ్లకు చేర్చాయి. కడప బండతో సరిపెట్టుకున్న ఇళ్లూ ఉన్నాయి, గ్రానైటు పరిచినవీ ఉన్నాయి. ఏదైనా, గట్టు ఎత్తును నిర్ణయించే అధికారం గృహిణి నుంచి మేస్త్రీకి జారింది. పొట్టివారి భుజాలకు, పొడవువారి నడుముకు ఆ తేడా రోజూ తెలుస్తూనే ఉంటుంది.

ఇంటివారు తామే గట్టు వేసుకోవడాన్ని పొదుపుగా మాత్రమే చూడటం అందుకే చాలదు. అయితే పని తేలిక కాదు. ఎనిమిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం గల పలక సుమారు 80 కిలోలు తూగుతుంది. ఆధారపు గోడలు రసమట్టానికి సరిపోవాలి. పలక అడుగున మాలు బోలు లేకుండా నిండాలి. సింకు కోతలో మూలలు గుండ్రంగా లేకపోతే పగులు అక్కడే పుడుతుంది. ఇవన్నీ నేర్చుకోదగినవే.

కోత సంగతి వేరు. అసలు గ్రానైటులో క్వార్ట్జు ఉంటుంది. వ్యాపారులు అదే పేరుతో అమ్మే నల్ల డోలరైటులో అది బహుస్వల్పం. కొనేవారికి ఈ భేదం చెప్పేవారు అరుదు. క్వార్ట్జు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం దీనిని అధికారులకు తెలుపవలసిన వ్యాధిగా గుర్తించింది. కాని ఇంటి ముంగిట చేతియంత్రంతో జరిగే కోత ఫ్యాక్టరీ కిందికి రాదు. సిలికా మరింత ఎక్కువగా ఉండే కృత్రిమ రాతిపలకలను ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి నిషేధించింది. ఇక్కడ సహజశిలకైనా పొడికోత మానడం మొదటి పని: కొలతలిచ్చి, నీటిధార కింద కోసే చోట పలకను కోయించుకొని, నిలుపుకోవడం వరకే ఇంట్లో చేసుకోవచ్చు.