కస్తూస్ అనే ముద్దుపేరు

సిరిల్ అనే పేరుతో ఆ మనిషి బతికింది యాభై రోజులు.

రష్యన్, బెలారుసియన్, బల్గేరియన్ భాషలు రాసే అక్షరాలను ఇవాళ లోకమంతా సిరిలిక్ లిపి అంటుంది. ఎవరి పేరున ఆ మాట పుట్టిందో ఆయన 868 చివర్లో రోములో జబ్బుపడ్డాడు. చావు దగ్గరపడిందని తెలిసి సన్యాసం పుచ్చుకున్నాడు. సన్యాసంతోపాటు వచ్చిన కొత్త పేరు సిరిల్. 869 ఫిబ్రవరి 14న కన్నుమూశాడు. అంతకుముందు బతికిన నలభై ఏళ్ల పైచిలుకూ ఆయన కాన్‌స్టాంటైన్. స్లావుల భాషకు మొట్టమొదటి లిపి కూర్చిందీ, 863లో అన్న మెథోడియస్‌తో కలిసి మొరావియా బయల్దేరిందీ కాన్‌స్టాంటైనే. ఆయన కూర్చింది గ్లాగోలిటిక్ అనే వేరే లిపి. సిరిలిక్‌ను ఆ తర్వాత శిష్యపరంపర బల్గేరియాలో రూపొందించి గురువు పేరు పెట్టుకుంది. పెట్టేటప్పుడు జీవితమంతా ఉన్న పేరును వదిలి, చివరి యాభై రోజుల పేరును ఎంచుకుంది.

ఈ సంగతి తెలిసిన రోజున చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను. ఆయన వదిలేసిన పేరు ఏమైంది? అది ఎవరెవరి ఇళ్లకు చేరింది? ఆరా తీస్తూ పోతే బెలారుస్‌లో ఆగాను. అక్కడ ఆ పేరుకు ఇంట్లో పిలుచుకునే రూపం ఒకటుంది: కస్తూస్. మన చెవికి కస్తూరి తగులుతుంది. 'తూ' మీద ఊనిక, చివరి 'స' మెత్తగా, 'స్య్' అని సగంలో ఆగినట్టు పలకాలి.

లాటిన్‌లో 'కాన్‌స్టాన్స్' అంటే నిలకడ గలవాడు, స్థిరుడు. దాన్నుంచి కాన్‌స్టాంటినుస్. బెలారుసియన్ భాషకు రెండు పట్టుదలలున్నాయి. ఊనిక లేని చోట 'ఒ'ను 'అ' చేస్తుంది, మెత్తని 'త'ను 'త్స' చేస్తుంది. పలకడంలోనే కాదు, రాతలోనూ అంతే. అందుకే రష్యన్ల కొన్‌స్తాంతిన్ అక్కడ కన్‌స్తాన్‌త్సిన్ అవుతాడు. కేథలిక్కులకు కన్‌స్తాంతీ అని వేరే పేరుంది, అది వేరే లాటిన్ రూపం నుంచి, వేరే పుణ్యపురుషుల నుంచి వచ్చింది. చర్చి పుస్తకంలో ఈ రెండూ వేరు. ఇంటికొచ్చాక తల్లి ఇద్దరినీ కస్తూస్ అనే పిలుస్తుంది. వెంకటేశ్వర్లూ వెంకటరమణా ఇద్దరూ ఇంట్లో వెంకన్నలే అయినట్టు. పియోత్ర్ ప్యత్రూస్, అంతోన్ అంతోస్, మిఖయిల్ మిఖాస్, అలెక్సాండర్ అలేస్. చివర్లో ఆ మెత్తని 'స' వచ్చిందంటే అది వాకిట్లో పిలిచిన పేరు, కచేరీ కాగితంలోది కాదు.

నాలుగో శతాబ్దంలో కాన్‌స్టాంటైన్ అనే రోమన్ చక్రవర్తి తన పేరుతో నగరం కట్టాడు. 330లో ప్రతిష్ఠ జరిగిన ఆ కాన్‌స్టాంటినోపుల్ 1453లో పడిపోయినప్పుడు కోటగోడల దగ్గర చనిపోయిన ఆఖరి చక్రవర్తి కూడా కాన్‌స్టాంటైనే. మధ్యలో వెయ్యేళ్లు గడిచాయి. మనం గబగబా దాటి 1514కు వద్దాం. ఇవాళ్టి బెలారుస్‌లోని ఓర్షా ఊరి దగ్గర ఆ ఏడాది సెప్టెంబరు 8న మాస్కో సేనను లిథువేనియా మహాసంస్థానం ఓడించింది. గెలిచిన సేనాపతి కన్‌స్తాన్‌త్సిన్ అస్త్రోజ్‌స్కి. ఆయన కొడుక్కి బాప్టిజంలో పెట్టిన పేరు వసీల్. ఆ కొడుకు పెద్దయ్యాక తండ్రి పేరునే తన పేరుగా రాసుకోవడం మొదలుపెట్టాడు. 1581లో అచ్చయిన ప్రసిద్ధ ఓస్త్రోహ్ బైబిలుకు పోషకుడు ఇతనే. సిరిల్ వదిలిన పేరును ఇతను ఏరి తెచ్చుకున్నాడన్నమాట. ఇలాంటివాళ్లు ఇంకా కనబడుతుంటే నాకు ఉత్సాహం పెరిగింది.

బెలారుస్‌లోని విటెబ్స్క్‌లో ఇంకో కాన్‌స్టాంటైన్ చనిపోయాడు. రష్యా మహారాణి కేథరిన్‌కు 1779లో రెండో మనవడు పుట్టాడు. టర్కీ నుంచి కాన్‌స్టాంటినోపుల్ లాక్కుని వీణ్ణి అక్కడ కూర్చోబెట్టాలని ఆమె కోరిక. అందుకే ఆ పేరు పెట్టింది, గ్రీకు దాదిని తెప్పించింది, సెయింట్ సోఫియా గుడి బొమ్మతో పతకం పోయించింది. కోరిక తీరలేదు. 1825లో అన్న చనిపోతే రష్యా సింహాసనమే ఇతని దగ్గరికొచ్చింది. ఇతను వద్దన్నాడు. వద్దన్న కబురు అందేలోగా టంకశాలవాళ్లు ఇతని ముఖంతో నమూనా రూబుళ్లు కొన్ని కొట్టేశారు. ఏలని రాజు నాణేలు అవి. ఆ డిసెంబరులో పీటర్స్‌బర్గ్ చౌకులో తిరుగుబాటు చేసిన సైనికులు 'కొన్‌స్తాంతిన్, కొన్‌స్తితూత్సియా' అని అరిచారని, కొన్‌స్తితూత్సియా అంటే రాజ్యాంగమని తెలియక ఆయన భార్య పేరనుకున్నారని ఒక కథ చెబుతారు. 1831లో పోలండ్ తిరుగుబాటు నుంచి తప్పుకుని పోతూ దారిలో కలరా తగిలి ఆయన విటెబ్స్క్‌లో పోయాడు.

ఇక్కణ్ణుంచి నా మనసు 1862 దాటి కదలనంటోంది.

ఆ ఏడు ఒక కాన్‌స్టాంటైన్ వార్సాలో రాజప్రతినిధి. అతను జార్ చక్రవర్తి తమ్ముడు. అదే ఏడు ఉత్తరాన, గ్రోద్నా పల్లెల్లో ఇంకో కాన్‌స్టాంటైన్ రైతుల చేతుల్లో కాగితాలు పెడుతున్నాడు. ఆ రెండోవాడు కలినౌస్కి. 1838లో మస్తౌల్యానీలో పుట్టాడు. ఆ పల్లె ఇప్పుడు పోలండ్‌లో, సరిహద్దును ఆనుకుని ఉంది. తండ్రి సిమోన్ పేరుకు కులీనుడు, పొట్టపోసుకునేది చిన్న నారబట్టల నేతశాలతో. కొడుకు స్విస్లాచ్ బడిలో చదివి, పీటర్స్‌బర్గ్‌లో న్యాయశాస్త్రం 1860లో పూర్తిచేశాడు. చర్చి పుస్తకంలో అతని పేరు వింత్సెంతీ కన్‌స్తాంతీ. మొదటి పేరు సర్కారు వాడుకుంది. రెండోదాన్ని అతనూ అతనివాళ్లూ వాడుకున్నారు.

చదువైన కుర్రాడు ఊరికి తిరిగొచ్చి ఏం చేశాడు? పత్రిక పెట్టాడు. దాని పేరు 'ముజిత్స్‌కాయా ప్రౌదా', అంటే రైతు సత్యం. 1862 నుంచి 1863 దాకా ఏడు సంచికలు వచ్చాయి. ఆధునిక బెలారుసియన్‌లో మొదటి పత్రికగా దీన్నే లెక్కిస్తారు. ప్రతి సంచిక కిందా ఒకే సంతకం: విల్నా పక్క ఊరి ఆసామి యాస్కా. పీటర్స్‌బర్గ్ పట్టభద్రుడు అరకపట్టే మనిషి గొంతు పెట్టుకుని, రైతులకు వాళ్ల మాటల్లోనే రాశాడు. 1861లో జార్ ఇచ్చానన్న విముక్తి ఎంత మోసమో, పట్టి తీసుకెళ్లే సైనిక కొలువు ఎన్ని ఇళ్లు కూల్చిందో, 1839లో వాళ్ల యూనియేట్ మతాన్ని ఎలా రద్దు చేశారో చెప్పాడు. రాజకీయ సిద్ధాంతం మాటల్లో కాదు, పన్ను, బిడ్డ, ప్రార్థన అనే మూడు మాటల్లో. ఎవరితో మాట్లాడుతున్నాడో ఇంత స్పష్టంగా తెలిసి రాసినవాళ్లు ఏ భాషలోనైనా అరుదే అని నా నమ్మకం.

ఇంకో విశేషం, నన్ను మొదటి పేరా దగ్గరికే లాక్కుపోయేది: ఆ పత్రిక సిరిలిక్‌లో అచ్చవలేదు. లాటిన్ అక్షరాల్లో, పోలిష్ రాసే పద్ధతిలో అచ్చయింది. లిపి కూర్చిన కాన్‌స్టాంటైన్ పేరు పెట్టుకున్నవాడు ఆ శిష్యుల లిపిని వాడలేదు. అప్పట్లో అక్షరం వచ్చిన బెలారుసియన్ రైతుకు ఎక్కువగా అలవాటైంది ప్రార్థనా పుస్తకాల్లోని పోలిష్ అక్షరమే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో 1906లో మొదలైన 'నాషా నీవా' అనే బెలారుసియన్ పత్రిక కూడా కొన్నేళ్లు రెండు లిపుల్లోనూ వచ్చి, 1912లో సిరిలిక్‌కే పరిమితమైంది. రెండు లిపుల భాష ఒక్క లిపిదయింది. ఇవాళ బెలారుస్ బడిపిల్లాడు తన భాషలో మొదటి పత్రిక చదవాలంటే ముందు దాన్ని వేరే అక్షరాల్లోకి దించి ఇవ్వాలి. ఇది చిన్న నష్టమని ఎవరన్నా నేను ఒప్పుకోను. తాత ఉత్తరాన్ని మనవడు చదవలేని ఇల్లు ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది.

1863 జనవరిలో జార్ మీద తిరుగుబాటు రేగింది. అణచడానికి మురవ్యోవ్‌ను విల్నాకు పంపారు. జనం అతన్ని తలారి అన్నారు. కలినౌస్కి ఆ ఊళ్లోనే, తలారి ముక్కు కిందే దాక్కుని తిరుగుబాటును నడిపాడు. అప్పటి పేరు ఇగ్నాత్ వితాజెనెత్స్. 1864 తొలినాళ్లలో పట్టుబడ్డ ఒక సహచరుడు నోరు విప్పడంతో దొరికిపోయాడు. జైల్లో ఉండి రాసిన ఉత్తరాలు బయటికి చేరాయి. వాటిలో ప్రేమించిన మరీస్యాకు చెప్పిన వీడ్కోలు ఉంది, రైతులకు చెప్పిన ఆఖరి మాట ఉంది. ఆఖరి మాట కిందా అదే సంతకం, యాస్కా. చావబోయేటప్పుడు కూడా ఆసామి వేషం విప్పలేదు. అది వేషం కాదని అతను అనుకున్నాడేమో. 1867లో ప్యారిస్‌లో ఒక పోలిష్ చరిత్ర గ్రంథంలో అవి అచ్చయ్యాయి.

1864 మార్చి 22న లూకిష్కి మైదానంలో ఉరి. అధికారి శిక్ష చదువుతూ 'కులీనుడు వికెంతీ కలినోవ్‌స్కి' అన్నాడు. అప్పుడు కొయ్యమీది మనిషి అడ్డు తగిలాడు. మాలో కులీనులు లేరు, అందరూ సమానమే అన్నాడని అక్కడున్నవారు రాశారు. గమనించండి, వికెంతీ అన్నందుకు కాదు, కులీనుడన్నందుకు. తను వాడని పేరు చదివినా ఊరుకున్నాడు, పేరు ముందు కూర్చోబెట్టిన హోదాను మాత్రం ఊరుకోలేకపోయాడు. అప్పటికి ఇరవై ఆరేళ్లు.

అయితే కస్తూస్ ఎక్కడ? యాస్కా ఉన్నాడు, వికెంతీ ఉన్నాడు, ఇగ్నాత్ ఉన్నాడు. ఆ పేరును అచ్చులో అతనికి కట్టబెట్టింది యాభై రెండేళ్ల తర్వాత వచ్చిన వాత్స్‌లౌ లాస్తౌస్కి. 1916లో జర్మన్ల ఆధీనంలో ఉన్న విల్నాలో, 'హోమన్' అనే బెలారుసియన్ పత్రికలో అమరుణ్ణి తలచుకుంటూ వ్యాసం రాసి, కన్‌స్తాంతీని కస్తూస్ అన్నాడు. పోలిష్ రూపాన్ని విడిచి తల్లి పిలిచే రూపాన్ని ఇచ్చాడు. కొందరు చరిత్రకారులు దీన్ని కల్పన అంటారు. నాకు మాత్రం ఆసామి యాస్కా అని సంతకం పెట్టినవాడికి ఇంతకంటే తగిన పేరు దొరకదనిపిస్తుంది. లాస్తౌస్కిని 1938లో సరాతోవ్‌లో కాల్చి చంపారు. ఆయన పెట్టిన పేరు మిగిలింది. 1928 నాటి మూకీ సినిమాకు ఆ పేరే, రెండో ప్రపంచయుద్ధంలో గెరిల్లా దళానికి ఆ పేరే. 1960లలో ఉలాద్జిమిర్ కరత్కేవిచ్ రాసిన నాటకానికీ ఆ పేరే. 2022 మార్చిలో యుక్రెయిన్ పక్షాన పోరాడటానికి కూడిన బెలారుస్ యువకుల దళమూ ఆ పేరునే ఎత్తుకుంది.

పేరు వదిలినవాళ్లలో అందరికన్నా ప్రియమైనవాడు యాకుబ్ కోలాస్. మిన్స్క్ నడిబొడ్డున ఆయన పేర చౌకు ఉంది. అసలు పేరు కన్‌స్తాన్‌త్సిన్ మిత్స్‌కేవిచ్. తండ్రి రాద్జివిల్ ప్రభువుల అడవికి కాపలాదారు. 1906లో అచ్చయిన మొదటి పద్యానికే యాకుబ్ కోలాస్ అని పెట్టుకున్నాడు, కోలాస్ అంటే కంకి. ఉపాధ్యాయుల రహస్య సభ కేసులో 1908 నుంచి 1911 దాకా మిన్స్క్ జైల్లో ఉన్నాడు. 'నోవయా జ్యామ్లా' అనే మహాకావ్యం అక్కడ మొదలై 1923లో పూర్తయింది. సొంత భూమి కోసం ఒక అడవి కాపరి కుటుంబం పడ్డ ఆరాటం దాని కథ. ఆ ఇంట్లో ఒక చిన్న పిల్లాడు తిరుగుతుంటాడు. వాడి పేరు కస్తూస్. అట్టమీద వదిలేసిన పేరును కవి లోపల దాచుకున్నాడు.

రెండో యుద్ధం తర్వాత కెనడా వెళ్లిన అలెక్సాండర్ కచాన్ అనే రచయిత దీనికి ఎదురు నడిచి, కస్తూస్ అకులా అయ్యాడు.

ఇప్పటి బెలారుస్ పాస్‌పోర్టులో మామూలుగా బెలారుసియన్ ఉచ్చారణను లాటిన్‌లో రాస్తారు. కాబట్టి ఇంట్లో రష్యన్ మాట్లాడి కొన్‌స్తాంతిన్ అనిపించుకునే హోమెల్ కుర్రాడు విమానం దిగగానే కన్‌స్తాన్‌త్సిన్ అవుతాడు. 2009 ఇటలీ సైకిల్ పోటీలో బెర్గామో అంచె గెలిచిన కన్‌స్తాన్‌త్సిన్ సియుత్సౌను రష్యన్ పత్రికలు సీవ్‌త్సొవ్ అని రాశాయి. కాగితంలో భాష బతికింది, సంతోషమే. వాకిట్లోనే పోయింది. 1995లో రష్యన్ రెండో రాజభాష అయింది. మిన్స్క్ వీధుల్లో తల్లులు ఎక్కువగా పిలిచేది 'కోస్త్యా' అని. అది రష్యన్ ముద్దుపేరు. ఎవరూ ఎవరి మీదా ఒత్తిడి తెచ్చినట్టుండదు. పిల్లాడు పలుకుతాడు, అన్నం తినడానికి లోపలికొస్తాడు. ఒక్క మెత్తని 'స' మాత్రం ఆ వాకిట్లో ఇక వినబడదు.

2017లో విల్నాలో, ఇప్పటి విల్నియస్‌లో, గెదిమినాస్ గుట్ట జారింది. మట్టి తీస్తుంటే ఎముకలు బయటపడ్డాయి. ఉరితీసినవాళ్లను సర్కారు రహస్యంగా, సున్నం చల్లి, చేతులు కట్టినట్టే అక్కడ పూడ్చింది. ఒక అస్థిపంజరం దగ్గర పెళ్లి ఉంగరం దొరికింది. లోపలి వైపు జిగ్మొంత్, అపొలోనియా అని, 1862 ఆగస్టు తేదీతో. అది తిరుగుబాటు నాయకుడు సియెరకోవ్‌స్కిదని అలా తెలిసింది. కలినౌస్కి దగ్గర పేరున్న వస్తువేదీ లేదు. మిగిలిన ఫొటోతో పుర్రెను పోల్చి చూసి గుర్తుపట్టారు. 2019 నవంబరు 22న రాసోస్ శ్మశానంలో రాజలాంఛనాలతో మళ్లీ ఖననం చేశారు. లిథువేనియా అధ్యక్షుడు కోన్‌స్తాంతినాస్ కలినౌస్కస్‌కు, పోలండ్ అధ్యక్షుడు కోన్‌స్తాంతీ కలినోవ్‌స్కికి వచ్చారు. బెలారుస్ సరిహద్దు దాటి తెల్ల-ఎర్ర-తెల్ల జెండాలు పట్టుకుని బస్సుల్లో వచ్చిన జనం కస్తూస్ కోసం వచ్చారు.