కాటును చూసి పామును పోల్చినవారు

పాత కేరళలో ఎవరినైనా పాము కరిస్తే, ముందుగా ఒక మనిషి విషవైద్యుడి ఇంటికి పరుగెత్తేవాడు. శాస్త్రం అతన్ని దూత అంది. అతను ఏ దిక్కున నిలబడ్డాడు, మొదట ఏ మాట అన్నాడు అన్నవాటిని బట్టి వైద్యుడు రోగి బతికే అవకాశాన్ని అంచనా వేసేవాడు. ఇందులో శకునం పాలు ఎక్కువే. అసలు పని రోగి ఎదుటికి వచ్చాక మొదలయ్యేది. కోరల గాట్లు ఎన్ని? వాపు ఎంతవరకు పాకింది? మాట తడబడుతోందా, మెడ నిలుస్తోందా? చంపిన పామును తెచ్చి చూపించేవాళ్లు అరుదు. కాబట్టి గాయాన్నీ మనిషినీ చూసే కరిచిందేదో పోల్చుకోవాలి.

ఈ చూపుకు మూలం సుశ్రుతసంహితలోని కల్పస్థానం. అది పాములను 80గా లెక్కించి, వాటిలో పడగ విప్పేవాటిని దర్వీకరాలనీ, ఒంటి మీద గుండ్రని మచ్చలున్నవాటిని మండలులనీ, చారలున్నవాటిని రాజిమంతాలనీ విడదీసింది. దర్వీకరం కరిస్తే నడుము, మెడ సత్తువ కోల్పోతాయనీ, గొంతు పోతుందనీ, ఊపిరి కష్టమవుతుందనీ రాసింది. మండలి కరిస్తే మంట, దాహం, వాపు, నెత్తురు పడటం, కండ కుళ్లడం ఉంటాయంది. నాగుపాము విషం నరాలను పట్టేసి ఊపిరి ఆపుతుందనీ, రక్తపింజరి విషం నెత్తురు గడ్డకట్టకుండా చేస్తుందనీ నేటి వైద్యం చెబుతోంది. రెండు వేల ఏళ్ల నాటి ఆ వర్ణన దీనికి ఎంత దగ్గరగా ఉందో!

అలెగ్జాండర్ సైన్యంతో మన దేశానికి వచ్చిన గ్రీకు వైద్యులకు ఇక్కడి పాముకాటుకు మందు తెలియలేదు. దాంతో అతను స్థానిక విషవైద్యులను చేరదీసి, కాటు పడినవాళ్లు తన గుడారానికి రావాలని చాటింపు వేయించాడు. ఈ సంగతిని అలెగ్జాండర్ నౌకాదళాధిపతి నియర్కస్ రాతల ఆధారంగా గ్రీకు చరిత్రకారుడు అర్రియన్ నమోదు చేశాడు.

ఆయుర్వేదంలోని ఎనిమిది అంగాల్లో ఒకటైన అగదతంత్రం కేరళలో ఇంటింటి విద్యగా పాకింది. సంస్కృతం రానివాళ్లకూ అందేలా కారాట్టు నంబూద్రి మలయాళంలో ‘జ్యోత్స్నిక’ రాశాడు. కొచ్చిన్ రాజకుటుంబానికి చెందిన కొచ్చుణ్ణి తంపురాన్ ‘ప్రయోగసముచ్చయం’ కూర్చాడు. వైద్యుడి ఇంట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాత్రల్లో బిల్వాది గుళిక ఒకటి. మారేడు వేరు, తులసి, కానుగ, తగరం, దేవదారు, త్రిఫలాలు, త్రికటుకాలు, పసుపు, మానుపసుపు కలిపి మేకమూత్రంతో నూరి చేస్తారు. అవసరాన్ని బట్టి దాన్ని మింగించేవారు, ముక్కులో వేసేవారు, కంటికి కాటుకలా పెట్టేవారు. అష్టాంగహృదయంలోని ఈ యోగాన్ని ఆయుర్వేద సంస్థలు నేటికీ తయారుచేస్తున్నాయి.

ఈ విద్యకు రుసుము తీసుకోకూడదన్నది గట్టి నియమం. అర్ధరాత్రి తలుపు తట్టినా లేవాల్సిందే. బతుకుతెరువుకు పొలమో మరో పనో ఉండేది. మహాభారతం ఆదిపర్వంలో విషవైద్యుడు కాశ్యపుడు పాముకాటు శాపం తగిలిన పరీక్షిత్తు మహారాజును బతికించబోతూ, దారిలో సర్పరాజు తక్షకుడు ఇచ్చిన ధనం పుచ్చుకుని వెనక్కి మళ్లుతాడు. ప్రాణం పోసే విద్య సొమ్ముకు లొంగితే ఏమవుతుందో ఆ కథ విన్నవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఈ పరంపర పండితుల ఇళ్లకే పరిమితం కాలేదు. తిరువనంతపురం జిల్లా కల్లార్ అడవుల్లోని కాణి తెగకు చెందిన లక్ష్మికుట్టి అమ్మ తల్లి దగ్గర మూలికలు నేర్చుకుని, పాముకాటు బాధితులకు వైద్యం చేసి పేరు పొందింది. ఆమెను కేంద్ర ప్రభుత్వం 2018లో పద్మశ్రీతో గౌరవించింది.

మందుల బలాన్ని పరీక్షకు పెట్టిన కథకు మన విశాఖపట్నంతో సంబంధం ఉంది. 1781లో అక్కడికి వచ్చిన స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్, స్థానికుల నుంచి పాములను, వాటి తెలుగు పేర్లను సేకరించాడు. అప్పట్లో పేరు మోగిన తంజావూరు మాత్రలను జంతువుల మీద ప్రయోగించి చూశాడు. పాషాణం, పాదరసం కలిసిన ఆ మాత్రలు నమ్మదగిన విరుగుడుగా తేలలేదు. కోరమాండల్ తీరపు పాములపై ఆయన గ్రంథం 1796లో వెలువడింది. రక్తపింజరి శాస్త్రీయ నామంలో ఆయన పేరు ఇప్పటికీ ఉంది.

మరి విషవైద్యం పొందినవాళ్లు ఎలా బతికారు? మన దేశంలోని మూడు వందలకు పైగా పాము జాతుల్లో విషం ఉన్నవి అరవై పైచిలుకే. విషపు పాము కూడా ఒక్కోసారి విషం దింపకుండా కరుస్తుంది. విషవైద్యుడి చేతిలో బతికిన వాళ్లలో చాలామందికి అసలు విషమే ఎక్కి ఉండదు. విషం నిజంగా ఒంట్లోకి దిగినప్పుడు దాన్ని విరిచే మందు 1890ల్లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ కాల్మెట్ తదితరుల కృషితో వచ్చింది. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి నెత్తురు నుంచి తీసే సీరం అది. ఇక్కడ దానికి కావలసిన విషంలో ఎక్కువ భాగాన్ని తమిళనాడులోని ఇరుళర్ తెగవారు 1978లో ఏర్పాటైన తమ సహకార సంఘం ద్వారా అందిస్తున్నారు. తరాలుగా పాములు పట్టిన చేతులే ఇప్పుడు ప్రాణాలు నిలిపే మందుకు ఆధారం.

పాత వైద్యం చెప్పిన కట్టు కట్టడం, గాయాన్ని కోయడం, నోటితో పీల్చడం ఇప్పుడు చేయకూడదు. అవి కండను దెబ్బతీస్తాయి, ఆసుపత్రికి వెళ్లే సమయాన్ని తినేస్తాయి. మరణాలపై జరిగిన ఒక దేశవ్యాప్త అధ్యయనం 2005లో పాముకాటుకు సుమారు 46,000 మంది చనిపోయారని అంచనా కట్టింది. వారిలో 6,200 మంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వారే. ఊళ్లో జనం నమ్మే విషవైద్యుడికి నేటికీ పని ఉంది. లక్షణాలు గుర్తుపట్టి, బాధితుణ్ణి కదలనివ్వకుండా, నిమిషం ఆలస్యం చేయకుండా సీరం ఉన్న ఆసుపత్రికి ఆయనే పంపిస్తే, ఆ ఇంటివాళ్లు ఆయన మాట వింటారు. ప్రభుత్వం ఆశా కార్యకర్తలకు ఇచ్చే శిక్షణలో ఆయనకూ చోటివ్వాలి.