విల్‌హెల్మ్ గుస్ట్‌లోఫ్ ఓడ విషాదం: చారిత్రక నవలను ఆధారంగా చదవడం ఎలా?

చారిత్రక నవల అనగానే మీకు అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి', నోరి నరసింహశాస్త్రి 'రుద్రమదేవి' గుర్తుకు రావచ్చు. ఆ నవలల్లోని కాలానికీ, వాటిని రాసిన కాలానికీ మధ్య ఆరు శతాబ్దాలకు పైగా దూరం ఉంది. కాకతీయుల నాటి మనిషి ఎవరూ వచ్చి "అలా జరగలేదు" అని అభ్యంతరం చెప్పరు. ఈ పాఠంలో మీరు పరిశీలించే నవలల సంగతి వేరు. సంఘటనను కళ్ళారా చూసినవారు ఇంకా కొందరు బతికి ఉండగానే అవి వెలువడ్డాయి. పైగా ఆ సంఘటనలో చనిపోయినవారిలో అత్యధికులు యుద్ధాన్ని మొదలుపెట్టిన దేశానికి చెందినవారు. వారి కోసం దుఃఖించడం ఎలా అన్నదే ఈ నవలల ముందున్న అసలు చిక్కు.

ముందు సంఘటనను తెలుసుకుందాం. 'విల్‌హెల్మ్ గుస్ట్‌లోఫ్' 1937లో హాంబర్గ్‌లో జలప్రవేశం చేసిన విహార నౌక. నాజీ ప్రభుత్వం కార్మికులను తక్కువ ఖర్చుతో సముద్ర యాత్రలకు తీసుకుపోయే పథకం కోసం దీనిని కట్టించింది. మొదటి తరగతి, రెండవ తరగతి అనే భేదాలు ఇందులో ఉండవని బాగా ప్రచారం చేసుకుంది. ఓడకు పెట్టిన పేరు స్విట్జర్లాండ్‌లోని నాజీ పార్టీ నాయకుడిది. 1936 ఫిబ్రవరి 4న డావోస్ పట్టణంలో డేవిడ్ ఫ్రాంక్‌ఫర్టర్ అనే యూదు వైద్య విద్యార్థి అతనిని కాల్చి చంపాడు. అంటే పుట్టుకతోనే ఇది ప్రచారం కోసం కట్టిన ఓడ అని గమనించండి. యుద్ధం వచ్చాక కొంతకాలం ఆసుపత్రి నౌకగా పనిచేసింది. తరువాత నేటి పోలెండ్‌లోని గ్డీనియా రేవులో, జలాంతర్గామి దళ శిక్షణార్థులకు వసతిగా నాలుగేళ్ళకు పైగా కదలకుండా నిలిచిపోయింది.

1945 జనవరిలో సోవియట్ ఎర్ర సైన్యం తూర్పు ప్రష్యాలోకి చొచ్చుకువచ్చింది. లక్షలాది మంది మంచులో నడిచి, బండ్ల మీద, గడ్డకట్టిన సముద్రపు పాయలను దాటి రేవులకు చేరారు. వారిని, సైనికులను పడమటికి తరలించడానికి జర్మన్ నౌకాదళం 'హానిబాల్' అనే కార్యక్రమాన్ని చేపట్టింది. జనవరి 30 మధ్యాహ్నం గుస్ట్‌లోఫ్ బయలుదేరింది. హిట్లర్ అధికారానికి వచ్చి సరిగ్గా పన్నెండేళ్ళయిన రోజు అది. ఓడ మీద కాందిశీకులతో పాటు 900 మందికి పైగా జలాంతర్గామి దళ సిబ్బంది, 373 మంది నౌకాదళ సహాయక యువతులు, 162 మంది క్షతగాత్రులు ఉన్నారు. ఏ మార్గంలో పోవాలన్న దానిపై ఓడలోని అధికారుల మధ్యనే వాదులాట జరిగింది. చివరకు లోతైన నీటి మార్గాన్ని ఎంచుకున్నారు. ఎదురుగా వేరే నౌకలు వస్తున్నాయన్న సమాచారంతో చీకట్లో దీపాలు వెలిగించారు.

రాత్రి 9 గంటలు దాటాక, అలెగ్జాండర్ మరినెస్కో నాయకత్వంలోని సోవియట్ జలాంతర్గామి ఎస్-13 ప్రయోగించిన మూడు టార్పెడోలు ఓడను తాకాయి. వాటిలో ఒకటి ఖాళీ చేసిన ఈత కొలనులో బస ఏర్పాటు చేసిన సహాయక యువతుల మీదే పేలింది. ప్రాణరక్షక పడవలు చాలలేదు. ఉన్నవాటి తాళ్ళు, కప్పీలు మంచుకు బిగుసుకుపోయాయి. సుమారు గంటలో ఓడ బాల్టిక్ సముద్రంలో మునిగిపోయింది. ఆ నీటిలో మనిషి కొద్ది నిమిషాలకు మించి బతకడం కష్టం. టి-36 అనే నౌక 564 మందిని, లోవె అనే నౌక 472 మందిని పైకి లాగాయి. మొత్తం బతికినవారు 1,250కి మించలేదు.

ఇక చనిపోయినవారి సంఖ్య. చరిత్ర విద్యార్థిగా మీరు ఎక్కువసేపు ఆగవలసింది ఇక్కడే. ఓడ జాబితాలో ఉన్నవారు 6,050 మంది. కానీ జాబితా రాయడం ఆపేశాక కూడా జనం ఎక్కుతూనే ఉన్నారు. ఆ ఓడలో సహాయ గుమాస్తాగా పనిచేసి, పద్దెనిమిదేళ్ళ వయసులో ప్రాణాలతో బయటపడిన హైన్జ్ షోన్, తన మిగిలిన జీవితమంతా పత్రాలు, సాక్ష్యాలు సేకరించాడు. ఓడలో 10,500 మందికి పైగా ఉన్నారని, 9,343 మంది చనిపోయారని ఆయన లెక్క తేల్చాడు. 'టైటానిక్' మృతులు సుమారు 1,500 అని గుర్తు చేసుకుంటే దీని పరిమాణం మీకు అర్థమవుతుంది. అయితే 9,343 అనేది శవాలను లెక్కించి చెప్పిన సంఖ్య కాదు, వివిధ సాక్ష్యాలను కలిపి వేసిన అంచనా. చివరి అంకె వరకు కచ్చితంగా కనిపించే సంఖ్యను చూసినప్పుడు దాని వెనుక ఉన్న పద్ధతిని అడగడం అలవాటు చేసుకోండి.

దీనిని యుద్ధ నేరం అని పిలిచేవారు ఉన్నారు. ఆ వాదన నిలవడం కష్టం. అప్పటికి ఓడ మీద ఆసుపత్రి నౌక గుర్తులు లేవు. విమాన విధ్వంసక తుపాకులు ఉన్నాయి, సైనిక సిబ్బంది ఉన్నారు. చట్టరీత్యా అది దాడి చేయదగిన లక్ష్యమే. మృతులలో అత్యధికులు స్త్రీలు, పిల్లలు అన్న సత్యం దీనివల్ల మారదు. ఈ రెండు వాక్యాలను ఒకేసారి మనసులో ఉంచుకోలేనివారే యుద్ధానంతర జర్మనీలో ఎక్కువగా మాట్లాడారు.

జర్మనీలో ఈ విషాదం గురించి ఎవరూ నోరెత్తలేదన్న మాట కూడా మీకు ఎదురవుతుంది. అది సగమే నిజం. పశ్చిమ జర్మనీలో 1950లలోనే ప్రభుత్వం కాందిశీకుల అనుభవాలను సంపుటాలుగా ప్రచురించింది. 1960 ప్రాంతంలో ఈ ఓడ మీద సినిమా కూడా వచ్చింది. తూర్పు జర్మనీలో మాత్రం, మిత్రదేశమైన సోవియట్ యూనియన్ ముంచిన ఓడ గురించి బహిరంగంగా చెప్పుకోవడానికి చోటు లేదు.

గుంటర్ గ్రాస్ 2002లో రాసిన 'ఇమ్ క్రెబ్స్‌గాంగ్' (పీత నడక) ఈ నేపథ్యంలో వచ్చింది. గ్రాస్ 1927లో డాన్‌జిగ్‌లో, అంటే ఓడ బయలుదేరిన రేవుకు దగ్గరి నగరంలోనే పుట్టాడు. 1999లో నోబెల్ బహుమతి పొందాడు. కథ చెప్పే పాల్ పోక్రిఫ్కె ఓడ మునిగిన రాత్రే పుట్టినవాడు. ఆ రాత్రి గురించి రాయమని తల్లి టుల్లా జీవితమంతా అతన్ని పోరుతుంది. అతను తప్పించుకుంటూ వస్తాడు. నాజీ నాయకుడు గుస్ట్‌లోఫ్, ఫ్రాంక్‌ఫర్టర్, మరినెస్కో ముగ్గురి జీవితాల మధ్య కథ సూటిగా ముందుకు పోకుండా, పీతలాగా పక్కలకు కదులుతుంది. తండ్రి వదిలేసిన కథను కొడుకు కోన్రాడ్ పట్టుకుంటాడు. నాయనమ్మ చెప్పిన మాటలతో ఇంటర్నెట్‌లో గుస్ట్‌లోఫ్‌ను అమరుడిని చేస్తాడు. అక్కడ పరిచయమై, యూదుడినని చెప్పుకున్న ఒక యువకుడిని చివరకు కాల్చి చంపుతాడు. ఆ చనిపోయిన యువకుడు నిజానికి యూదుడు కాడు.

ఈ నవల 1945 జనవరి 30 రాత్రికి మంచి ఆధారం కాదు. ఆ రాత్రి వివరాలకు గ్రాస్ కూడా షోన్ సేకరణనే ఆశ్రయించాడు. నవలలో అతని పేరు కూడా వస్తుంది. కానీ 2000 ప్రాంతపు జర్మనీ తన గతంతో ఎలా పెనుగులాడిందో తెలుసుకోవడానికి ఇది మొదటి శ్రేణి ఆధారం. అక్కడ ఓడ మునగడం కంటే, ఇంట్లో పెద్దలు చెప్పకుండా వదిలేసిన దుఃఖాన్ని ఎవరు ఎత్తుకుపోతారన్నదే ముఖ్యం.

2016లో వచ్చిన రూటా సెపెటిస్ ఆంగ్ల నవల 'సాల్ట్ టు ద సీ' తీరు వేరు. లిథువేనియా మూలాలున్న ఈ అమెరికన్ రచయిత్రి కథను నలుగురు యువజనుల గొంతులకు పంచింది. వారు లిథువేనియన్ నర్సు, పోలిష్ బాలిక, ప్రష్యన్ యువకుడు, జర్మన్ నావికుడు. ఓడలో జర్మన్లు మాత్రమే లేరని ఈ ఒక్క ఎంపిక చెబుతుంది. యువ పాఠకులకు కథ వేగంగా సాగాలని కాబోలు, దాచిన నిధి రహస్యం కూడా కలిపింది. నా దృష్టిలో ఆ భాగం బలహీనం. అయినా హిట్లర్‌ను ఆరాధించే నావికుడికి కూడా ఒక గొంతు ఇవ్వడం, ఆ గొంతు వినడానికి ఇబ్బందిగా ఉండేలా రాయడం తేలిక పని కాదు.

మరినెస్కో కథ మరో దేశపు జ్ఞాపకం. అతను 1945 ఫిబ్రవరి 10న 'స్టాయిబెన్' అనే ఓడను కూడా ముంచాడు. యుద్ధం ముగిశాక క్రమశిక్షణ లేదన్న కారణంతో అతనిని పదవి నుంచి తప్పించారు. 1963లో మరణించాడు. 1990లో, మరణానంతరం, సోవియట్ యూనియన్ వీరుడి బిరుదు ఇచ్చారు.

అభ్యాసం: పైన చెప్పిన రెండు నవలలలో దొరికినదానిని చదవండి. అందులో పత్రాలతో సరిచూడగల వాక్యాలు ఐదు, సరిచూడలేనివి ఐదు విడిగా రాసుకోండి. సరిచూడలేని ఐదింటిలో ప్రతిదానికీ, రచయిత దానిని ఎందుకు కల్పించవలసి వచ్చిందో రెండు మూడు పంక్తులలో రాసి, సంపర్క తరగతికి తీసుకురండి.