ప్రమేయముల సమాసము

ఈ సాయంకాలము నేను ప్రసంగింపదలచిన విషయము వినుటకు వింతగా దోచవచ్చును. కెనడా దేశమున పుట్టిన ఒక రైతుబిడ్డ గణితమునకును, గణనయంత్రములకును ఉపయోగించు నొక భాషను కల్పించెను. ఇతర భాషలలో పదిపంక్తులు పట్టు మాట అందు మూడు నాలుగు గుర్తులలో ఇమిడిపోవును. ఆ గుర్తులు ఒకదానితో నొకటి ఎట్లు కలియును, కలిసినపుడు అర్థమెట్లు మారును అను దాని చరిత్రమే నేటి ప్రసంగము. వ్యాకరణము చదివినవారికి ఇందొక పరిచితమైన రుచి తగులును. చదువనివారికి కూడికయు భాగహారమును తెలిసిన చాలును. రేడియోలో గుర్తులు కనబడవు గనుక వానిని పేళ్లతో చెప్పెదను. పుస్తకమున చదువువారికి గుర్తులే అచ్చులో కనబడును.

ప్రమేయమనగా ఒక సంఖ్యను పుచ్చుకొని దానిపై నొక పనిచేసి వేరొక సంఖ్యను చేతికిచ్చునట్టిది. ఒక ప్రమేయపు ఫలమును తీసి రెండవదాని కందించినచో అది సంయుక్త ప్రమేయము. ఇందు వరుస ముఖ్యము. 3ను తీసికొని వర్గము చేసి పిమ్మట 1 కలిపిన 10 వచ్చును. ముందు 1 కలిపి పిమ్మట వర్గము చేసిన 16 వచ్చును. పనులు రెండును అవియే, ఫలము వేరు. ఆయిలరు పండితుడు 1734లో ప్రమేయమునకు ముందొక అక్షరము వ్రాసి, అది పనిచేయు సంఖ్యను కుండలీకరణములలో నుంచు పద్ధతిని వాడెను. నాటినుండి లోపలి కుండలీకరణములోని పని ముందును, బయటి పని వెనుకను జరుగుచున్నవి. అనగా వ్రాతలో వెనుక నున్నది చేతలో ముందు. పాఠశాలలో ముప్పదియేండ్లకు మించి లెక్కలు చెప్పితిని. తెలివిగల పిల్లవాడును తడబడు చోటు ఇదియే.

ఇక కర్తను గూర్చి. కెన్నెత్ ఐవర్సను 1920వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన ఆల్బర్టా రాష్ట్రమున కామ్రోసు అను ఊరి చెంత జన్మించెను. తొమ్మిదవ తరగతితో బడి మాని తల్లిదండ్రుల పొలమున పనికి దిగెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున సైన్యమున చేరి, అందుండియే తపాలా పాఠములతో చదువు సాగించెను. యుద్ధానంతరము కింగ్‌స్టనులోని క్వీన్స్ విశ్వవిద్యాలయమున పట్టము పొంది, హార్వర్డు చేరి 1954లో డాక్టరేటు నందెను. అచట గణనయంత్ర నిర్మాతయగు హోవార్డు ఐకెనును, తరువాత 1973లో నోబెలు బహుమాన మందిన అర్థశాస్త్రజ్ఞుడు లియొంటిఫును ఆయనకు గురువులు. పొలము దున్నిన చేతులు ఇంత దూరము వచ్చుట చిన్న విషయము కాదు.

హార్వర్డులో పాఠములు చెప్పునపుడు ఆయనకొక ఇబ్బంది కలిగెను. వాడుకలోనున్న గణితసంకేతములు సంఖ్యల పట్టికలతో చేయు పనులను విశదముగా చెప్పుటకు చాలవు. కావున నల్లబల్లపై వ్రాయుటకు తానే కొన్ని గుర్తులను ఏర్పరచుకొనెను. ఇది యంత్రమునకై పుట్టినది కాదు, విద్యార్థులకై పుట్టినది. ఈ సంగతి మరువరాదు. 1960లో ఐవర్సను ఐ. బి. ఎమ్. సంస్థను చేరెను. 1962లో ఆ గుర్తులను గూర్చిన గ్రంథము వెలువడెను. దాని ఆంగ్లనామపు మొదటి అక్షరములను బట్టియే ఆ భాషకు ఏ. పీ. ఎల్. అని పేరు నిలిచినది. 1964లో ఆడిన్ ఫాల్కాఫు మొదలగు సహచరులతో కలిసి, ఆ సంస్థవారి కొత్త యంత్రము యొక్క నడవడి నంతయు ఈ గుర్తులలోనే వర్ణించెను. ఆ భాష తరువాత యంత్రముపై నడిచెను. దాని వింత గుర్తులకై టైపుయంత్రమున కొక ప్రత్యేకమైన అచ్చుగోళమును చేయింపవలసి వచ్చెను.

ఆ భాషలో మొదటి నియమము విచిత్రమైనది. గుణకారము ముందు, కూడిక వెనుక అను బడి సూత్రము లేదు. ప్రతి క్రియయు తనకు కుడిప్రక్కనున్న దానినంతను పుచ్చుకొనును. మూడు గుణకారము రెండు కూడిక నాలుగు అని వ్రాసిన, మన బడిలో 10. ఐవర్సను భాషలో ముందు రెండును నాలుగును కలిసి 6 అయి, దానిని మూడు హెచ్చించి 18. గుర్తులు పదులకొలది ఉన్నపుడు ఏది ముందు ఏది వెనుక అని కంఠపాఠము చేయుట కంటె ఒకే నియమము మేలని ఆయన తలచెను. నాకు ఇది సబబుగానే తోచుచున్నది. కాని చిన్ననాటి అలవాటు ఎదురుతిరుగును.

రెండవ విశేషము వ్యాకరణ సంబంధమైనది. తరువాతి కాలమున ఐవర్సను తన భాషలోని భాగములకు గణితపు పేళ్లు మాని వ్యాకరణపు పేళ్లు పెట్టెను. సంఖ్యలు నామవాచకములు. కూడిక, భాగహారము మొదలగునవి క్రియలు. క్రియను మార్చునవి క్రియావిశేషణములు. కూడిక గుర్తు ప్రక్కన వాలుగీత నుంచి, అనగా +/ అని వ్రాసిన, ఆ గీత క్రియావిశేషణమై, వరుసలోని సంఖ్యల నడుమ నెల్ల కూడికను చొప్పించును. అయిదు ఇండ్ల ధాన్యము 4, 6, 8, 10, 12 పుట్లు అనుకొనుడు. +/ అను రెండు గుర్తులు వానినన్నిటిని కలిపి 40 అని చెప్పును. కూడికకు మారు గుణకారము నుంచిన అన్నిటిని హెచ్చించును. ఒకే ప్రత్యయము ఎన్నో ధాతువులపై చేరినట్లు, ఒకే గీత ఎన్నో క్రియలపై పనిచేయును. ఐవర్సనుకు పాణిని సూత్రములతో పరిచయము కలదని నేననుట లేదు. ఆయన వాడినవి ఆంగ్ల వ్యాకరణపు మాటలు. కాని లాఘవము కోరినవారి త్రోవలు ఎక్కడనో ఒకచోట కలియును గాబోలు.

అయినను ఒక కొరత నిలిచియుండెను. సగటు కట్టవలెనన్న, మొత్తమును ఇండ్ల లెక్కచే భాగింపవలెను. దానిని చెప్పుటకు సంఖ్యల వరుసకొక పేరు పెట్టి, ఆ పేరును రెండుమారులు వ్రాయవలసినదే: దీని మొత్తమును దీని లెక్కచే భాగింపుము, అని. పేరు లేకుండ క్రియలను మాత్రమే కలిపి కొత్త క్రియను చేయలేమా? ఈ ప్రశ్న ఐవర్సనుకు ముందునుండియు ఉన్నదే. గొట్టింజెనులో మోజెస్ షోన్‌ఫింకెలు అను తార్కికుడు 1920లో ఉపన్యసించి 1924లో ప్రకటించిన వ్యాసమున, పేళ్లు అక్కరలేకుండ ప్రమేయములను కలుపు మార్గమును చూపెను. అమెరికాలో హాస్కెల్ కరీ ఆ విద్యను పెంచెను. 1977లో జాన్ బాకసు, ట్యూరింగు బహుమాన మందుకొను సమయమున చేసిన ఉపన్యాసమున, ప్రోగ్రాములను ప్రమేయముల కూర్పుగనే వ్రాయవలెనని వాదించెను. ఐవర్సనుకు ఆ బహుమానమే 1979లో లభించెను; ఆయన ఉపన్యాసము సంకేతములు ఆలోచనకు పనిముట్లగుటను గూర్చినది.

ఐవర్సను తన పరిష్కారమును యూజీన్ మెక్‌డానెలుతో కలిసి 1989లో ప్రకటించెను. అందలి నేర్పు వినుడు. అప్పటి వరకు సంఖ్య ఏదియు లేక క్రియలు మాత్రమే వరుసగా వ్రాసిన అది తప్పు వ్రాత, యంత్రము త్రోసివేయును. అనగా ఆ చోటు ఎవరును దున్నని బీడు. అర్థము లేని ఆ వరుసకు అర్థము కల్పించిన, పాత వ్రాతలేవియు చెడవు. మూడు క్రియలు కలిసియున్న, కడపటి రెండు వైపులవి ఒకే సంఖ్యావరుసను వేర్వేరుగ పుచ్చుకొనును. వాని ఫలములు రెంటిని నడిమి క్రియ కలుపును. ఆంగ్లమున దీనికి చీలుగొయ్య పేరు పెట్టిరి. మన ఊళ్లలో కావడి యన్న తేటపడును. రెండు కుండలును ఒకే చెరువున నిండును. నడుమ దండె రెంటిని మోయును.

సగటు ఇపుడు ఇట్లగును: +/ % # . ఎడమ కుండ మొత్తము, కుడి కుండ ఎన్ని యను లెక్క, నడిమి దండె భాగహారము. 40ని 5చే భాగించి 8 పుట్లు. వరుసకు పేరు లేదు, రెండుమారులు వ్రాయుట లేదు.

ఇట్టి భాషలలో పనిచేయు మా మనుమడు దీనిని నాకు యంత్రముపై చూపెను. ఆ మూడింటిని కుండలీకరణములలో నుంచి ప్రక్కన సంఖ్యలు వ్రాయగా 8 వచ్చెను. అంతట నేను, “నాయనా, ఆ కుండలీకరణములు తీసి చూపుము,” అంటిని. వాడు తీసెను. ఫలము 0.2. “చూచితిరా తాతగారూ, గుర్తొక్కటియు మారలేదు,” అని వాడు నవ్వెను. కారణమిది. కుండలీకరణములు లేనిచో మొదటి నియమమే చెల్లును: కుడినుండి, సంఖ్యలు 5, ఒక్క సంఖ్యయే దొరికినపుడు భాగహారపు గుర్తు 1ని దానిచే భాగించును, కనుక 0.2, ఒక్కదానినే కలిపిన అదియే. కుండలీకరణములున్నచో మూడు క్రియలును ముందుగనే ఒక్క క్రియయై, ఆ పిమ్మట సంఖ్యలను చూచును.

వ్యాకరణము చదివినవాడు దీనిని వెంటనే పోల్చుకొనగలడు. మూడు కన్నులు అని విడిగా నన్న అవి కన్నులే. ముక్కంటి యని సమాసము చేయగా అవి కన్నులు కావు, ఈశ్వరుడు. మాటలవియే, కలయికవలన అర్థము వేరొకచోటికి పోయినది. ఐవర్సను భాషలో కుండలీకరణము సమాసపు ముడి. ఆ ముడి విప్పి విగ్రహవాక్యము చెప్పగలవాడే దానిని చదివినవాడు. కొత్తగా నేర్చువారు గుర్తులను కంఠస్థము చేయుదురు గాని విగ్రహము చెప్పు అలవాటు చేసికొనరని మా మనుమడనును. అది అన్ని శాస్త్రములలోను ఉన్న జబ్బే.

రెండే క్రియలు కలిసిన? అపుడు కావడికి ఒక వైపున చెరువు నీరే ఉన్నదున్నట్లుగ నుండును. తీసివేత, సగటు అను రెంటిని కలిపిన, ప్రతి ఇంటి ధాన్యము నుండియు సగటును తీసివేయును: −4, −2, 0, 2, 4. ఎవరికెంత తక్కువ, ఎవరికెంత ఎక్కువ యనునది ఒక్క మాటలో తేలినది. షోన్‌ఫింకెలు చూపిన కూర్పులలో ముఖ్యమైన యొకదాని రూపమును సరిగా ఇదియే.

మరియొక కూర్పు నాకు మిక్కిలి నచ్చినది. ఒక పనిచేసి, దానిలో నుండగా వేరొక పనిచేసి, తుదకు మొదటి పనిని విప్పివేయుట. గుడి వాకిట చెప్పులు విడిచి, దర్శనము చేసికొని, మరల చెప్పులు తొడిగినట్లు. దీని గుర్తు &. అనునది. మా చదువుకాలమున సంవర్గమానముల పట్టికలు చేత లేనిదే పెద్ద లెక్క జరుగకుండెను. 100, 1000 అను వానిని హెచ్చింపవలెనన్న, పట్టికలో 2, 3 చూచి, కలిపి 5 చేసి, తిరిగి పట్టిక చూచి 1,00,000 అని వ్రాయుదుము. నేపియరు 1614లో లోకమునకిచ్చిన ఈ ఉపాయము నంతయు ఐవర్సను భాష ‘సంవర్గమానము క్రింద కూడిక’ అని నాలుగైదు గుర్తులలో చెప్పును. కూడికకు మారుగ సగటు నుంచిన గుణమధ్యమము వచ్చును: 100, 10,000 అను వానికి 1000.

ఇంత క్లుప్తత మంచిదా యని పెద్దలకు సందేహము కలుగవచ్చును. కలిగినది కూడ. డచ్చి దేశీయుడగు డైక్‌స్ట్రా 1975లో ఏ. పీ. ఎల్.ను తీవ్రముగా గర్హించెను. ఒకడు వ్రాసినది మరియొకడు చదువలేడను నింద ఆ భాషను నేటికిని విడువలేదు. నింద పూర్తిగా అబద్ధము కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడినది. దాని సూత్రములకు గుప్తార్థప్రకాశిక వంటి వ్యాఖ్య కావలసి వచ్చినది. సూత్రము చిన్నదగుట దోషము కాదు, వృత్తి లేకుండ విడిచిపెట్టుట దోషము. సంస్థలలో జీతమునకు పనిచేయువారు వ్యాఖ్య వ్రాయక వెడలిపోయిన, వెనుకవచ్చినవాడు ఆ గుర్తుల నెదుట దిక్కులు చూచును. అట్టివాడు మొదటినుండి తానే వ్రాసికొనుట సులువనుకొనును. పాత లెక్కలో దాగిన నియమములన్నియు అందుతో పోవును.

ఆ 1989 వేసవిలోనే ఆర్థర్ విట్నీ అను యువకుడు ఐవర్సను ఇంటికి వచ్చి, ఒక్క మధ్యాహ్నములో, ఒక్క పుటలో, భాషను యంత్రమునకు వివరించు భాగమును వ్రాసిచూపెను. రోజర్ హుయి దానిని వారము దినములు పఠించి, ఆగస్టు 27వ తేదీన తన వ్రాత మొదలిడెను. దానినుండి 1990లో ‘జె’ అను కొత్త భాష వచ్చినది. అందు వింత గుర్తులు లేవు. మామూలు టైపు మీటలే చాలును. నేను చెప్పిన సమాసములు ఈ భాషలోనివే. ఐవర్సను 2004 అక్టోబరులో మరణించెను. హుయి 2021లో పోయెను.

ఏ. పీ. ఎల్. వారు ఈ సమాసములను వెంటనే గ్రహింపలేదు. ఆ భాషను నడపు సంస్థలలో నొకటియగు డయలాగు 2014లో స్వీకరించినది. మూడు క్రియల కావడి రెండు మతములలోను ఒక్కటే. రెండు క్రియల సమాసము దగ్గర మాత్రము వారు వేరుపడిరి. వారి భాషలో రెండవ క్రియ ఫలమును మొదటిదాని కందించుటయే దాని అర్థము. చెరువు నీరు ఉన్నదున్నట్లు మోయు కుండ లేదు. కావున తీసివేతయు సగటును కలిపి మన అయిదిండ్ల ధాన్యముపై ప్రయోగించిన, జె భాష ప్రతి ఇంటి హెచ్చుతగ్గులను చూపు అయిదు సంఖ్యల నిచ్చును. డయలాగు వారి యంత్రము సగటునకు ఋణచిహ్నము తగిలించి −8 అని ఒక్క సంఖ్యనే ఇచ్చును.