ఒక్కరోజు శ్రీహరికోటలో



మన చిత్తూరు జిల్లా వాళ్ళకు కొండలకు కొదవ లేదు గాని, సముద్రం మాత్రం ఉండేది కాదు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడి, నెల్లూరు జిల్లాలోని సూళ్ళూరుపేట ప్రాంతం అందులో కలిసింది. దానితో తిరుపతి వాళ్ళకు సముద్రమూ వచ్చింది, ఒక దీవీ వచ్చింది. అదే శ్రీహరికోట. పిల్లలకు సెలవులిస్తే ఒక్కరోజులో చూసి రావచ్చు.

పొద్దున్నే పులిహోర కట్టుకుని బయలుదేరితే, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా సూళ్ళూరుపేట చేరతాం. ముందు చెంగాళమ్మ తల్లి దర్శనం. రాకెట్టు ప్రయోగానికి ముందు శాస్త్రజ్ఞులు కూడా ఈ తల్లికి మొక్కి వెళ్ళడం పరిపాటి. అక్కడినుంచి పులికాటు సరస్సు మధ్యగా వేసిన రోడ్డు మీద దీవికి ప్రయాణం. చలికాలంలో వెళ్ళారా, రోడ్డుకు అటూ ఇటూ నీళ్ళలో పొడుగు కాళ్ళ ఫ్లెమింగో పక్షులు బారులు తీరి కనిపిస్తాయి. గూడబాతులను చూడాలంటే దగ్గరలోనే నేలపట్టు ఉంది.

దీవి అంతా తిరగనివ్వరు. రాకెట్టు ఎగరడం చూడాలంటే ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి. ప్రజలు కూర్చుని చూసే గ్యాలరీ 2019లో తెరిచారు.

ఇంతకూ ఈ దీవినే ఎందుకు ఎంచుకున్నారు? భూమి పడమటినుంచి తూర్పుకు తిరుగుతుంది కదా, తూర్పుకు వదిలిన రాకెట్టుకు ఆ వేగం కూడా కలిసొస్తుంది. తూర్పున ఉన్నదంతా సముద్రమే కాబట్టి, ఏదైనా విరిగిపడినా ఊళ్ళ మీద పడదు. అందుకే 1969లో ఈ చోటు నిర్ణయించారు. 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్టు ఎగిరింది. 1979లో ఎస్‌.ఎల్‌.వి.-3 సముద్రంలో పడిపోయింది. ఏడాది తిరక్కుండానే, 1980 జూలై 18న, అదే రకం రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 2023లో చంద్రుడి మీద దిగిన చంద్రయాన్-3 బయలుదేరిందీ ఇక్కడినుంచే.

ఇదంతా మీరు వినే ఉంటారు. ఎక్కువమంది చెప్పుకోని సంగతి మరొకటుంది. రాకెట్లకు ముందు ఈ అడవి యానాదులది. తేనె, దుంపలు, మూలికలు ఏరుకుంటూ, చేపలు పట్టుకుంటూ బ్రతికేవారు. ఏ చెట్టు ఏ రోగానికి పనికొస్తుందో వాళ్ళకు నోటిమీద ఉండేది. 1835లో ఈ దీవి కంపెనీ ప్రభుత్వం చేతికి వచ్చింది. అప్పటినుంచి వాళ్ళు ఏరి తెచ్చిన సరుకు సర్కారుకు, బదులుగా వాళ్ళకు కాస్త ధాన్యం. ఇక్కడి వంటచెరకు పడవల్లో కాలువ మీద మద్రాసుకు వెళ్ళేది. ఎన్ని ఇళ్ళ పొయ్యిలు ఆ కట్టెలతో మండాయో చూడండి! రాకెట్టు కేంద్రం వచ్చాక చాలా కుటుంబాలు దీవి వదిలి ఒడ్డుకు చేరాయి. అడవి తెలిసిన చేతులు కూలిపని వెతుక్కోవలసి వచ్చింది.

దేశానికి రాకెట్లు వద్దని ఎవరంటారు? నేనూ అనను. కానీ మనకు చంద్రుడు దగ్గరయ్యేందుకు తమ ఊరు దూరం చేసుకున్నవాళ్ళు ఉన్నారు. గ్యాలరీలో కూర్చుని పిల్లలు చప్పట్లు కొడుతున్నప్పుడు, ఆ మాట కూడా వాళ్ళ చెవిన వేయండి. పుస్తకాల్లో రాకెట్టు కథ ఎలాగూ చదువుతారు. యానాదుల కథ మాత్రం మనమే చెప్పాలి.